గీజరు గొట్టం పోత అన్నది

చలి మొదలైన కొత్తల, ఓ బుధవారం పొద్దుగాల ఆరుంబావుకు నాకు మొదటిసారి గుబులైంది. అమ్మ స్నానం జేస్తున్నది. నేను గోడ అవతల గల్లీల బట్టలు ఆరేస్తున్న. గ్యాస్ గీజరు పొగ గొట్టం గడగడ వణికి, గల్లీ అంత ఇనవడేటట్టు "పోత" అన్నది.

జనగామల మా గల్లీకంత ఆ గొట్టం సంగతి తెలుసు. లోపట ఎవ్వలు ఉడుకు నీళ్లు పోసుకుంటే వాళ్ల తరఫున బయటికి మాట్లాడతది. పోయి మల్ల వచ్చేటోళ్లయితే "పోయొస్త" అంటది. పోయి రానోళ్లయితే వారం ముందుగాల నుంచే "పోత" అంటది. ఇంట్లకెళ్లి బయలెల్లేటప్పుడు మనుషులెవ్వలు పోత అనరు గదా. గొట్టానికి ఆ ఇంగితం లేదు. మా మీది కిరాయి రూముల ఉన్న సంగీత టీచరుకు పోత అన్నది, ఆమెకు మానుకోటకు బదిలీ అయింది. బకెటు మర్చిపోయింది గని, దానికోసం గూడ మల్ల రాలే. దేవరుప్పుల నుంచి వచ్చిన పాపయ్య పెద్దబాపుకు పోత అన్నది. ఆయన పొలం కాడ మోటరు ఎయ్యవోయి అక్కడనే ఒరిగిండు. మంట సప్పుడుకు స్నానం జేసేటోళ్లకు ఏం ఇనవడది. బయటోళ్లకే ఇనవడతది.

దాన్ని ఎవ్వలు వింత అనుకోలే. లొల్లంత సప్పుడు మీదనే. గొట్టం మూతి ఎదురింటి సారమ్మ అవ్వ కిటికీ దిక్కే ఉంటది.

"ఏం గొట్టమే తేజూ! మీ బాపు స్నానం జేసినప్పుడల్ల నా చెవుల పోయొస్త అని ఒర్రుతది. మంచం మీద నుంచే 'పోయిరా' అంటున్న. నేనేమన్న ఆయన పెండ్లాన్నా?" అని రోజు తిట్టేది.

ఆ బుధవారం అవ్వ గూడ ఇన్నది. కొంగు తలమీద కప్పుకుంట బయటికొచ్చి గొట్టం దిక్కు సూసింది.

"థూ, గట్ల అనొద్దు. పోయొస్త అను."

"పోత" అన్నది గొట్టం.

"ప్రభువా! మీ అమ్మకు దమ్ము గిట్ల వస్తుందానే?"

"లేదవ్వా."

"ఎందుకైనా మంచిది, దవాఖానల సూపియ్యి."

ఇంట్లకు పోతే అమ్మ తల తుడుసుకుంట చెప్పింది, శనివారం టేకుమట్లల మామోళ్లింటికి పోయి రెండు దినాలుండి వస్త అని. బాపు మార్కెట్ల పత్తికి కాంటా పెట్టే పని జేస్తడు. టిఫిను సదురుకుంట, "గా రెండు దినాలు అన్నమెవ్వలు వండుతరు?" అన్నడు.

"నీకు చేతుల్లేవా?" అన్నది అమ్మ. బాపు నవ్విండు. అమ్మ నవ్వలే.

తెల్లారి నేను గీజర్లు బాగుజేసే మోతీలాల్ అన్నను తోల్కొచ్చిన. బాపుకు సారమ్మ అవ్వ లొల్లి సాకు చెప్పిన.

"గొట్టం రేకుకు తాకుతున్నది చెల్లె," అన్నడాయన నిచ్చెన మీదికెళ్లి. "నడుమ రబ్బరు పెడితే సప్పుడు సగం తగ్గుతది. మూతి గూడ మార్చాల్నా?"

"మారిస్తే ఏమైతది?"

"మాట మారుతది. ఈ కొత్త మూతులు ఒక్కటే మాటంటయి, పోయొస్త. మానుకోటల ఎన్ని ఇండ్లల్లనో పెట్టిన. ఆ ఇండ్లకెళ్లి పోయినోళ్లందరు తిరిగొచ్చిన్రు."

"పెట్టన్నా."

"ఇంట్ల అడుగవా?"

"పెట్టు."

దిగినంక పాత మూతిని పేపర్ల సుట్టి నా చేతిల పెట్టిండు. "పారెయ్యకు. ఎవ్వలకన్న పోవాల్సొస్తే గిదే కావాలె."

శనివారం అమ్మ స్నానం జేస్తే గొట్టం మెల్లగ "పోయొస్త" అన్నది. కిటికీలకెళ్లి అవ్వ "స్తోత్రం! ఇప్పుడు మంచిగున్నది" అన్నది. అమ్మ బ్యాగు పట్టుకొని పోయింది. పొద్దు గూకక ముందే తిరిగొచ్చి గద్దెమీద కూసున్నది.

"హన్మకొండల టేకుమట్ల దిక్కు పోయే భూపాలపల్లి బస్సెక్కిన తేజూ. కిటికీ పక్కన సీటు గూడ దొరికింది. జర సేపటికి సూస్తే జనగామ బస్సుల ఉన్న."

"మంచిగైంది, బువ్వండు," అన్నడు బాపు.

సోమవారం మల్ల పోయింది. మల్ల వచ్చింది. గురువారం గూడ గంతే.

బట్టలు నానవెడదామని అమ్మ బ్యాగు తీస్తే అడుగున కాయిదం దొరికింది. టేకుమట్లల ఆడపిల్లల హాస్టలుకు పెద్ద వంటమనిషి ఉద్యోగం. అక్కడనే రూము. ఈ నెల ఆఖరి సోమవారం లోపట చేరాలె. కాయిదం కింద నాలుగు చీరెలు, అమ్మ తల్లిగారు పెట్టిన కంచం, నా పదో తరగతి ఫోటో.

అమ్మ బీరకాయ పొట్టు తీస్తున్నది. కాయిదం సూపిస్తే కత్తిపీట ఆగలే.

"ఇరవై నాలుగేండ్ల సంది ముగ్గురికి వండిన. రెండొందల మందికి వండితే ఎట్లుంటదో సూద్దామనుకున్న. ఏం జెయ్యాలె, కాళ్లు ఇంటి దిక్కే మర్లుతున్నయి."

"బాపు ఏమన్నడని?"

"ఏమనలేదే. ఏమన్న అన్నా బాగుండు."

ఆ ఆఖరి సోమవారానికి ఇంకా నాలుగొద్దులే ఉన్నయి. పాత మూతి నా బీరువల, డిగ్రీ సర్టిఫికెట్ల కింద ఉన్నది. అది మల్ల బిగిస్తే అమ్మకు బస్సు దొరుకుతది, ఇంక ఇంటికి రాదు. పోత అంటే టీచరు లెక్క పోవుడో, పెద్దబాపు లెక్క పోవుడో గొట్టం చెప్పదు. బిగియ్యకుంటే రోజు పొయ్యి కాడికెళ్లి బస్టాండుకు పోయి వస్తనే ఉంటది. నాకింకా ఉద్యోగం లేదు. ఇప్పుడే ఆమె వండిన బీరకాయ కూర తిని లేసిన.

అమ్మకు మూతి మార్చిన సంగతి ఇంకా చెప్పలే. మోతీలాల్ అన్నను పిలువాల్నా, వద్దా? మీ అమ్మయితే మీరేం జేస్తరు?