మంట లేని కుంపటి

వైశాఖంలో పడమటి గాలి మొదలైతే ఉప్పలగుప్తం దగ్గరి ఆ ఊళ్లో పొయ్యిలకు సెలవు. పొద్దున పది దాటాక, సాయంత్రం గాలి పడేదాకా ఎవరూ నిప్పు రాజేయకూడదని తలారి జగ్గయ్య డప్పు కొట్టి చెప్పేవాడు. మూడేళ్ల కిందట ఒక్క నిప్పురవ్వకి ముప్పై తాటాకిళ్లు బూడిదయ్యాయి. అప్పట్నుంచి అగ్గిపుల్ల గీసిన చప్పుడు విన్నా జనానికి గుండె దడ.

అందుకే సైన్సు మాస్టారు బాలగంగాధరం గారు చేసిన సూర్యకుంపటి చూసి ఊరు ఊరంతా మురిసింది. పెద్ద వెదురు బుట్టకి సిమెంటు పూసి, లోపలంతా అద్దం ముక్కలు అతికించారు. ఎండనంతా అది ఒక్కచోటికి తెస్తుంది. అక్కడ గిన్నె పెడితే అన్నం ఉడుకుతుంది. కట్టెలక్కర్లేదు, కిరసనాయిలు కోసం డిపో ముందు నిలబడక్కర్లేదు. పొయ్యిలోకి పనికొచ్చే కొబ్బరి మట్టలు సైతం అమ్ముడై లారీలెక్కి పోతున్న 1983లో అదేం చిన్న సంగతి కాదు.

"సూర్యుడికి జీతమెంతిస్తన్నారండీ మాస్టారూ?" అంది పక్కింటి మంగాయమ్మ.

"జీతం లేదండి గానీ సెలవులెక్కువ. మబ్బేస్తే రాడు" అన్నారు మాస్టారు.

అందరూ నవ్వారు. మాస్టారి కూతురు కామాక్షి మాత్రం నవ్వలేదు.

నిన్న మధ్యాహ్నం అన్నం దించాక కుంపటిని గోడకి వాల్చింది తనే. కాసేపటికి పెరట్లోకి వచ్చేసరికి, ఎదుటి కొబ్బరాకు దడి మీద రూపాయి బిళ్లంత తెల్లటి వెలుగు నిలబడి ఉంది. దాన్నుంచి సన్నగా పొగ. చెంబుడు నీళ్లు కుమ్మరించి, మాడిన ఆకు పీకి మట్టిలో పాతేసింది. ఆ దడి చివర మంగాయమ్మ ఇంటి తాటాకు చూరు. ఆ చూరు కింద గదిలోనే మంగాయమ్మ కూతురు అమ్మాజీ, తొమ్మిదో రోజు బాలింత, పక్కలో పసిగుడ్డు.

చెప్పాలి. కానీ మంట లేదు, ప్రమాదం లేదని నాన్నగారు ఊరందరికీ చెప్పేశారు. ఇవాళ అమలాపురం నుంచి ఆఫీసరు గారు వస్తున్నదీ అందుకే. ఆయన సరేనంటే సగం ఖర్చు ప్రభుత్వం భరించి నలభై తాటాకిళ్లకి నలభై కుంపట్లు ఇస్తుంది. కామాక్షి బళ్లో హాజరు పలకడానికే గొంతు పెగలని పిల్ల. పొద్దుట్నుంచి పదిసార్లు నాన్నగారి వెనక దాకా వెళ్లింది. పదిసార్లూ వెనక్కి వచ్చేసింది.

ఆఫీసరు గారు రెండింటికి వచ్చారు. కుంపటి మీది అన్నం రుచి చూశారు. "మంటే లేదు! బాగుందండీ" అంటూ సంచిలోంచి కాగితాలు తీశారు.

"ముందు మా ఇంటికివ్వండి బాబూ" అంది మంగాయమ్మ. "బాలింతకి వేణ్ణీళ్లు కావాలంటే గాలి పడేదాకా ఆగాల్సొస్తంది."

"ఆయ్, ఇప్పుడే పట్టుకెళ్లండి. చూరు పక్కన పెట్టుకోండి, మీకు నీడగా ఉంటుంది" అన్నారు మాస్టారు.

కామాక్షి ఒక అడుగు ముందుకు వేసింది.

"నాన్నగారూ" అంది. గాలి హోరులో ఎవరికీ వినబడలేదు. మంగాయమ్మ అప్పుడే బుట్ట అంచు మీద చెయ్యి వేసింది.

కామాక్షి వసారాలోకి పరుగెత్తింది. గుప్పెడు కొబ్బరి పీచు పట్టకారుతో పట్టుకొచ్చి, గిన్నె ఉండే చోట, వెలుగు నడిమధ్య పెట్టింది. మూడు అంకెలు లెక్కపెట్టేలోపు పొగ లేచింది. భగ్గుమంది. రవ్వ ఒకటి గాలికి ఎగిరి దడి మీద వాలింది.

"అమ్మ బాబోయ్!" మంగాయమ్మ నీళ్ల బిందె ఎత్తింది. మాస్టారు భుజం మీది కండువా తీసి దడిని బాదారు. నీళ్లు పడ్డాయి. రవ్వ ఆరింది.

"నీకిది ఎప్పట్నుంచి తెలుసే?" అన్నారు మాస్టారు.

"నిన్నట్నుంచండీ. దడి రాజుకుంటే నేనే ఆర్పేను."

"నిన్ననే చెబితే నోట్లో ముత్యాలు రాలిపోతాయా తల్లీ!" మంగాయమ్మ చూరు వైపు చెయ్యి చూపింది. "లోపల పసిగుడ్డుందే!"

ఆఫీసరు గారు కాగితాలు మడిచారు. "తాటాకిళ్లకి ఇది రాయలేనండీ మాస్టారూ."

"రాయొద్దండి. నేనే వద్దంటన్నాను." మాస్టారు గోనెసంచి తడిపి తెచ్చి అద్దాల మీద కప్పారు. కూతురి ముఖం చూడలేదు.

మంగాయమ్మ తన చూరు పొడవునా ఆకు ఆకూ తడుముతోంది, ఇంకెక్కడైనా వెచ్చగా తగులుతుందేమోనని. గాలి ఇంకా పడలేదు. కామాక్షి వెళ్లి రెండో కొస నుంచి తడమడం మొదలుపెట్టింది.

"ఇక్కడేం లేదండీ" అంది.

మంగాయమ్మ తన వైపు ఆకులు తడుముతూనే ఉంది. కామాక్షి పక్క ఆకు మీద చెయ్యి పెట్టి, గాలి హోరులో వినబడేలా మళ్లీ చెప్పింది.