ట్రయల్ రూములో ముప్పావుగంట

వీధి చివర బట్టలు కుట్టే ఆమెను అందరూ టైలరమ్మ అనే పిలుస్తారు. పని నేర్పిన తల్లి పోయిన దగ్గర్నుంచి ఆమెకో బాధ పట్టుకుంది. గుడ్డ పరిచి కత్తెర పట్టగానే గుండె దడదడలాడేది, అరచేతులు చెమట పట్టేవి. పరీక్షలన్నీ చేసిన డాక్టరు గుండె గుండ్రాయిలా ఉందని చెప్పి, కౌన్సెలరుతో మాట్లాడమన్నాడు. ఊళ్లో అలాంటివాళ్లెవరూ లేకపోవడంతో వీడియో కాల్‌లో మాట్లాడే ఒకావిడ నంబరు రాసిచ్చాడు.

కొలతలు తీయనిదే గుడ్డ ముట్టని మనిషి టైలరమ్మ. ముందే ఫోన్ చేసి ఆవిడకు లైసెన్సు ఉందో లేదో, ఫీజెంతో, రాలేకపోతే ఎప్పుడు చెప్పాలో, మధ్యలో నెట్ పోతే ఏం చేయాలో అన్నీ అడిగేసింది. ఆవిడ విసుక్కోకుండా జవాబు చెప్పింది. నెట్ పోతే తానే మామూలు ఫోను చేస్తానంది. చివర్లో మాత్రం రెండు చిక్కులు పెట్టింది. మాటలు ఎవరికీ వినపడని చోటు చూసుకోవాలి. అవసరమైతే పిలవడానికి దగ్గరి మనిషి పేరు ఫారంలో రాయాలి.

ఇంట్లో గదులు రెండు, మనుషులు ఐదుగురు. స్నానాలగదిలో గుసగుసలాడినా పక్కింటిదాకా మోగుతోంది. మేడమీద గాలి హోరు. ఇక ఫారంలో పేరు అంటారా, మొగుడికి చెబితే కంగారుపడతాడు, అత్తగారికి చెబితే టముకు వేసినట్టే. చివరికి ఆడపడుచు చెవిన వేసింది.

"దీనికింత ఆలోచనేంటి వదినా? నా పేరు రాసెయ్. నీ కుట్టు షాపులో ట్రయల్ రూముంది కదా, నిండా బట్టలే, మాట బయటికి రాదు. నేను గుమ్మంలో కూర్చుంటా."

మంగళవారం పొద్దున టైలరమ్మ ట్రయల్ రూములో స్టూలేసుకుని, దారం డబ్బాకు ఫోను ఆనించి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది. ఎక్కడున్నారని, పక్కన ఎవరైనా ఉన్నారా అని కౌన్సెలరు అడిగింది.

"ఇరవై గౌన్ల మధ్య ఉన్నాను మేడమ్. ఇవి నోరు విప్పవు."

కౌన్సెలరు నవ్వింది. అంతలో బయట ఎవరో వచ్చిన అలికిడి. లోపల ఒక భారీ మనిషికి కొలతలు తీస్తున్నారని, ముప్పావుగంట పడుతుందని ఆడపడుచు తడుముకోకుండా చెప్పడం వినిపించింది. టైలరమ్మ నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని పగలబడి నవ్వింది. నవ్వి నవ్వి, ఎప్పుడు మొదలైందో తెలియకుండానే ఏడ్చింది. తల్లి పోయాక తనివితీరా ఏడవడం అదే మొదలు. కౌన్సెలరు తొందరపెట్టలేదు.

నెల తిరిగేసరికి దడ పూర్తిగా పోలేదు గానీ, గుడ్డ కత్తిరించడానికి అడ్డం రావడం మానేసింది. ఆ ధైర్యంతో ఒక సాయంత్రం మొగుడికి ఉన్నదంతా చెప్పింది.

అతను అడిగాడు: "కంగారుపడతాననే కదా చెప్పలేదు?"

"పడరా ఏంటండీ?"

"పడతాను. పడితే పడ్డాను, వచ్చి బయట కూర్చుంటాను."

మరుసటి మంగళవారం షాపు గుమ్మంలో రెండు కుర్చీలు పడ్డాయి. అన్నాచెల్లెళ్లిద్దరూ చదరంగం పరుచుకుని, ఎత్తు నాదంటే నాదని గొంతు పెంచకుండా పోట్లాడుకున్నారు.