ఫ్రంటు రాని రోజు

అక్షతకు నాలుగేళ్లు. పుట్టిన మూడో నెల నుంచి ఒంట్లో రక్తం నిలవడం లేదు. నెలకొకసారి కంటోన్మెంట్‌లోని ఇంటి నుంచి ఆటోలో ఆసుపత్రికి పోయి రక్తం ఎక్కించుకొని వస్తే రెండు వారాలు ఆడుకుంటుంది. మళ్లీ పెదవులు తెల్లబడతాయి.

తల్లి రోహిణి జీన్స్ యూనిట్‌లో ప్యాంట్లు కుడుతుంది. ఐరన్ మందు ఏదైనా ఇస్తున్నావా అని పోయిన నెల డాక్టరు జ్ఞానశేఖర్ అడిగితే లేదంది. అబద్ధం. అత్త హంపమ్మ సిరుగుప్ప నుంచి ఐరన్ టానిక్ సీసాలు తెచ్చి, బిడ్డ పాలిపోతుంటే చూస్తూ కూచుంటావా అని నిష్ఠూరమాడినప్పటి నుంచి, రోహిణి పొద్దునా సాయంత్రం చెంచాడు పోస్తూనే ఉంది. బిడ్డ కోసం తన చేత్తో చేయగలిగింది అదొక్కటే. డాక్టరు మాన్పిస్తాడేమోనని దాచింది. మందుకు పళ్లు నల్లబడితే, ఆసుపత్రికి వచ్చే రోజు ఉప్పుతో గట్టిగా తోమేది.

ఈసారి రిపోర్టును డాక్టరు పాతదాని పక్కన పెట్టి చూశాడు. ఒంట్లో ఇనుము బాగా పెరిగిపోయిందన్నాడు. ఎక్కించిన రక్తంతో కొంత చేరడం మామూలే గానీ, ఇంత తొందరగా ఇంత ఎట్లా చేరిందో అంతుపట్టలేదట. లివర్‌కు, గుండెకు ముప్పు. దాన్ని బయటికి పంపే మందు గట్టి మోతాదులో ఇవ్వాలి. ఆ మందు కిడ్నీలను దెబ్బతీసినా తీయొచ్చు.

"రక్తం తక్కువంటే ఇనుము తక్కువనే గదా సార్?" అంది రోహిణి మెల్లగా.

డాక్టరు కాగితం మీద చిన్న ముక్క ఒకటి, పెద్ద ముక్క ఒకటి గీశాడు. ప్రతి కణంలోనూ రైబోజోములని సన్నటి యంత్రాలుంటాయి, ప్రోటీన్లు తయారుచేసేది అవేనని చెప్పాడు. ఒక్కో యంత్రానికి ఈ రెండు ముక్కలూ వేరువేరుగా తయారై చివరికి జత కావాలి. అక్షత కణాల్లో చిన్న ముక్కకు కావలసిన ఒక ప్రోటీన్ సగమే వస్తోంది. అందుకే చిన్న ముక్కలు చాలినన్ని పూర్తి కావడం లేదు. కొరత అక్కడ, ఇనుములో కాదు.

రోహిణికి యూనిట్ కళ్లముందు కదిలింది. జిప్పులు రాని రోజు ప్యాంటు ఫ్రంట్లు ఆగిపోతాయి. జేబులు కుట్టిన బ్యాకులు మాత్రం కుప్పపడుతుంటాయి. ఆ కుప్ప చూసి సూపర్‌వైజర్ కొట్రేశ్ లైను మొత్తం ఆపేయిస్తాడు.

"ఫ్రంటు రాకపోతే బ్యాకులు మిగిలిపోతాయి గదా సార్. అవేమైతాయి?"

డాక్టరు తలెత్తి చూశాడు. "పెద్ద ముక్కలో చేరాల్సిన భాగాలు కొన్ని అట్లా మిగిలిపోయి, అవే అలారం కొడతాయమ్మా. కణం పని ఆపేస్తుంది. చచ్చిపోతుంది గూడా. రక్తం తయారుచేసే కణాలకే ఈ దెబ్బ ఎక్కువ."

జిప్పులు లేక లైను ఆగితే దారం కండెలు తెచ్చి పోసినట్టు, తాను ఇన్నాళ్లూ చేసిందేమిటో రోహిణికి తెలిసిపోయింది. డాక్టరు మందుచీటీ రాయడం మొదలుపెట్టాడు. ఒళ్లో కూచున్న బిడ్డ పైపెదవిని రోహిణి బొటనవేలితో ఎత్తింది. పళ్ల సందుల్లో నలుపు ఇంకా ఉంది.

"నేనే ఐరన్ టానిక్ పోస్తాండా సార్. రోజుకు రెండు చెంచాలు. ఐదు నెలలాయె."

డాక్టరు పెన్ను ఆగింది. తిట్టలేదు. సీసా మీది పేరు అడిగి, రాసిన మోతాదు కొట్టేసి, ఆ టానిక్ ఇవాళే మానేయాలన్నాడు. వారం తర్వాత మళ్లీ పరీక్షించి, గట్టి మోతాదు అవసరమో కాదో చూద్దామన్నాడు. ఇప్పటికే చేరింది పోతుందా అని అడిగితే, మెల్లగా పోవాల్సిందే, ఎంత పోతుందో ఇప్పుడే చెప్పలేనన్నాడు.

ఇంటికి రాగానే మిగిలిన సీసా మోరీలో వంపేసింది. హంపమ్మ గడపలో నిలబడి చూసింది.

దీపాల వేళకు అక్షత అలవాటుగా వచ్చి, తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి నిలబడింది.