ఆఖరి మనిషి మెళ్ళో ఈల

మా వియ్యపురాలు బూట్లు వేసుకుని వచ్చింది. అక్కడ మొదలైంది అంతా.

మామూలు బూట్లు కావవి. నీలం రంగు, పసుపుపచ్చ లేసులు, అడుగున ట్రాక్టరు టైరుకున్నట్టు లోతైన గాట్లు. ఆవిడది నా వయసే. రెండు మూడు నెలలు పెద్దదే గానీ చిన్నది కాదు. అడిగితే ఒప్పుకోదు, అది వేరే సంగతి. మేం కారులో వచ్చి, కొండ మీద అద్దెకు తీసుకున్న ఇంటి ముందు సామాను దించుకుంటున్నాం. మేం అంటే అబ్బాయీ కోడలూ దించుతున్నారు. నేను ఒక కాలు కింద పెట్టి రెండోదాన్ని బతిమాలుకుంటున్నాను. ఆవిడ బస్సు దిగి, వీపుకి సంచీ తగిలించుకుని, ఆ ఎత్తు దారంతా నడిచొచ్చి, "ఏం వదినగారూ, ఇంకా దిగలేదా?" అంది.

ఇంకా దిగలేదా అట!

మా మనవరాలిని ఇంట్లో మిడత అంటాం. ఒకచోట కాలు నిలవదు దానికి. అది పరుగున వెళ్ళి ఆవిడ కాళ్ళ దగ్గర కూలబడి ఆ లేసులు పట్టుకుంది. "అమ్మమ్మా, నీకు బూట్లా! అబ్బ, ఎంత బాగున్నాయో! నానమ్మకి చెప్పులే!"

నా చెప్పులకేం తక్కువ? మోకాళ్ళ డాక్టరు చెప్పి మరీ కొనిపించినవి. మెత్తని అట్ట, ముందు వెడల్పాటి పట్టీ, వెనక ఏమీ ఉండదు, కాలు దూరిస్తే చాలు. ఇంట్లో ఆ చెప్పుల చప్పుడు వింటే మిడత పుస్తకం మూసి అన్నానికి వచ్చేది. కొడుకూ కోడలూ ఉద్యోగాలకి పోతే దాన్ని పెంచింది నేను. దాని జడ ఎటు లాగితే ఏడుస్తుందో, ఎటు లాగితే నవ్వుతుందో నా వేళ్ళకి తెలుసు. అలాంటి పిల్ల ఒక జత బూట్లు చూసి అటు వెళ్ళిపోయింది.

ఆ ఇంట్లో కింద రెండు గదులు, పైన చెక్క అటక. అటక మీదికి నిచ్చెన. మిడతకి అటకే కావాలి. "నానమ్మా, రా" అని పిలిచింది. పిలవలేదని అనను. నేను నిచ్చెన కేసి చూశాను, నిచ్చెన నా కేసి చూసింది. ఈలోగా ఆవిడ "నేనొస్తాలే తల్లీ" అని చకచకా ఎక్కేసింది. పైన చెక్కల సందుల్లోంచి ఇద్దరి నవ్వులూ నా దుప్పటి మీద రాలుతూనే ఉన్నాయి.

మర్నాడు చెరువుకి వెళ్ళాం. నీళ్ళు అద్దంలా ఉన్నాయి, చుట్టూ కొండలు తలకిందులుగా నిలబడ్డాయి. పడవలో ముగ్గురికే చోటు. అబ్బాయి, మిడత, ఆవిడ. తెడ్డు ఆవిడే వేసింది. ఒడ్డున నేను సంచులు పట్టుకుని నిలబడ్డాను. ఆ తర్వాత లోయ మీద తాళ్ళ వంతెన. అడుగు వేస్తే ఊగుతుంది. ఆవిడ మిడత చెయ్యి పట్టుకుని అటు దాటింది, ఇటు దాటింది, సరదాకి మళ్ళీ అటు దాటి ఇటొచ్చింది. నేను మళ్ళీ సంచులు.

"పాపం వదినగారు సంచుల కాపలాకే వచ్చినట్టుంది" అంది వియ్యపురాలు, నా చేతిలోంచి నీళ్ళ సీసా అందుకుంటూ. జాలిగానే అంది. ఆ జాలికే నాకు ఒళ్ళు మండింది.

"పర్వాలేదు వదినగారూ. సంచులు కాసేవాళ్ళు లేకపోతే గెంతేవాళ్ళు ఏం తాగుతారు?" అన్నాను.

కోడలు చప్పున అటు తిరిగి కొండ చూసింది. పాపం, ఒక పక్క తల్లి, ఇంకో పక్క అత్త.

ఆ మరుసటి పొద్దున రొట్టెముక్కలకి జాము రాస్తూ అబ్బాయి చెప్పాడు. ఇవాళ కొండ శిఖరం ఎక్కుతామట. తిరిగి నడిచి రానక్కర్లేదట. తీగ మీద కుర్చీలు వేలాడుతూ కిందికి దిగుతాయట. ఒక్కో కుర్చీలో ఇద్దరేనట.

"నా పక్కన ఎవరు?" అంది మిడత, నోటి చుట్టూ జాముతో.

"నేను" అన్నాం ఇద్దరం ఒకేసారి. అప్పటిదాకా కొండ ఎక్కనని చెప్పినదాన్ని నేనే.

మిడత మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది. "ఎవరు ముందు పైకెక్కితే వాళ్ళు. పందెం. ఏడవకూడదు."

"అమ్మా, నీ మోకాళ్ళు..." అన్నాడు అబ్బాయి.

"నా మోకాళ్ళ సంగతి నేను మాట్లాడుకుంటాలే. నువ్వు రొట్టె తిను" అన్నాను.

తొందరపడి ఒప్పుకున్నానని వాకిట్లోకి వచ్చేసరికి తెలిసింది. ఆవిడ అప్పటికే బూట్లు బిగించి, గోడకి చేతులు ఆనించి పిక్కలు సాగదీస్తోంది. పిక్కలు సాగదీయడం నేనెక్కడా చూడలేదు. మిడత పక్కనే నిలబడి తనూ సాగదీస్తోంది. ఆ కుర్చీ అప్పుడే నా చెయ్యి దాటిపోయినట్టనిపించింది.

అప్పుడొచ్చింది అబ్బాయి కుదిర్చిన గైడు. ఎండకి ముక్కు తొక్క లేచిన మనిషి, మాట తక్కువ. మా అందర్నీ గేటు దాకా నడిచి వెనక్కి రమ్మంది. నా చెప్పులు విప్పించి అడుగు తిప్పి చూసింది. "జారవు. దారి వెడల్పే, పర్వాలేదు పెద్దమ్మా" అంది. తర్వాత వరస పెట్టింది.

"నా వెనక ఈ పెద్దమ్మ. ఆ వెనక పాప. తర్వాత మీరిద్దరు. చివర ఈ బూట్ల పెద్దమ్మ. వరస తప్పి ఎవరూ ముందుకు రాకూడదు, ఎంత తొందరున్నా సరే."

నేను ముందు! ఆవిడ ఆఖరు! నా చెవుల్ని నేనే నమ్మలేకపోయాను. గైడు తన మెళ్ళోంచి ఈల తీసి ఆవిడ మెళ్ళో వేసింది. ఎవరైనా జారినా, ఆగిపోయినా ఆఖరి మనిషి ఈల ఊదాలి. ఈల వినబడితే ఎక్కడివాళ్ళక్కడ ఆగాలి. ఈల ఏం చేసుకుంటుందిలే పాపం, ఊదుకుంటూ రానీ అనుకున్నాను.

"జాగ్రత్తగా రండి వదినగారూ, వెనక పడిపోతారేమో" అన్నాను వెనక్కి తిరిగి.

"మీ వీపు చూసుకుంటూ వస్తాలెండి" అంది ఆవిడ.

ఎంత హాయిగా నడిచాననుకున్నారు! దేవదారు ఆకులు రాలి దారంతా గోధుమరంగు పరుపు పరిచినట్టుంది. రాళ్ళ మీద నాచు, నాచు మీద మంచు చుక్కలు. నేను ఆగితే అందరూ ఆగాలి. ఒకచోట ఊరికే ఆగాను, ఆగుతారో లేదో చూద్దామని. ఆగారు. మిడత నా శాలువా కొస పట్టుకుని, "నానమ్మా, నువ్వు ఇంజనువి, నేను పెట్టెని" అంటూ వచ్చింది. గైడు ఊరికే పెడుతుందా ముందు? మనుషుల్ని చూస్తూనే పోల్చుకునే మనిషి. బూట్లు చూసి మోసపోలేదు అనుకున్నాను.

సగం పైన ఒక బల్లపరుపు రాయి మీద కూర్చున్నాం. గుడ్లు ఒలుచుకు తింటున్నాం. మిడతకి ఊరుకుంటే తోచదు కదా.

"ఆంటీ, నానమ్మని ముందెందుకు పెట్టారు?"

గైడు గుడ్డు మీద ఉప్పు చల్లుకుంటూ, వాన వస్తుందని చెప్పినంత మామూలుగా చెప్పింది. "అందరికంటే నెమ్మదిగా నడిచేవాళ్ళని ముందు పెడతాం. వెనక పెడితే అందరూ వాళ్ళని వదిలేసి పోతారు. అందరికంటే గట్టివాళ్ళని చివర ఉంచుతాం. ఎవరికైనా ఏదైనా అయితే వాళ్ళే చూసుకోవాలి."

నా గుడ్డు నోట్లోనే ఉండిపోయింది. అబ్బాయి పెదవి కొరుక్కుని నేల చూశాడు. వియ్యపురాలు నవ్వలేదు. లోయలోకి చూస్తూ కూర్చుంది. నవ్వినా బాగుండేది.

అయితే ఇంతసేపూ పెద్దరికం ఆవిడదన్నమాట. ఆ ఈల ఊరికే వేసిన ఈల కాదు. తల కొట్టేసినట్టయింది.

"ఆ ఈల ఇటివ్వండి వదినగారూ. నేను చివర నడుస్తాను."

"అమ్మా, నీకేమైనా పిచ్చా? ముందున్నావు, కుర్చీ నీదే!" అన్నాడు అబ్బాయి.

"నానమ్మా, పందెం పోతుంది!" అంది మిడత.

నిజమే. ముందుంటే కుర్చీ నాదే. కానీ ఆవిడ మెళ్ళో ఆ ఈల ఊగుతుంటే కుర్చీ కూడా చప్పగా అయిపోయింది. "పోతే పోనీ. అందరికంటే బలహీనురాలిననిపించుకుని కూర్చునే కుర్చీ నాకొద్దు."

గైడు పైకి చూసింది. అక్కణ్ణుంచి అంతా గడ్డి బాటే. కుర్చీలెక్కే చోటు, దాని రేకు కప్పు కనబడుతూనే ఉంది. "సరే పెద్దమ్మా. ఇక్కణ్ణుంచి నాకు కనబడుతూనే ఉంటారు. అలిసిపోతే మాత్రం ఊదాలి" అంది.

ఈల నా మెళ్ళోకి వచ్చింది. చల్లగా, బరువుగా ఉంది. ఇక ఆవిడ ముందు నడిచింది. ఆవిడ ముందుంటే వరస వరసలా ఎందుకుంటుంది? గడ్డిలో నీలం బూట్లు చిన్నవైపోతున్నాయి. వాటి వెనకే గెంతుకుంటూ మిడత. అబ్బాయీ కోడలూ నా కోసం కాసేపు ఆగారు, నేను "పొండి, నేను ఆఖరి మనిషిని" అని తరిమాను. గాలి, నేను, నా చెప్పుల చప్పుడు మిగిలాం.

రేకు కప్పు దగ్గరికొచ్చేసింది వాళ్ళకి. ఆవిడ నడుస్తూనే చెయ్యి వెనక్కి చాపింది. చూడకుండానే చాపింది, అక్కడ మిడత చెయ్యి ఉంటుందని తెలిసినట్టు. మిడత చెయ్యి ఉంది.

నేను ఈల ఊదాను.

మొదట గాలే వచ్చింది. రెండోసారి ఊదితే కొండలు నాలుగూ కలిసి అరిచినట్టు మోగింది. అందరూ బొమ్మల్లా ఆగిపోయారు. ఆగకుండా పరుగెత్తుకొచ్చింది ఒక్కరే, మా వియ్యపురాలు. ఈల అంటే ఆఖరి మనిషి దగ్గరికి వెళ్ళాలని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. వరసనీ పందేన్నీ వదిలేసి దిగి వచ్చింది.

"ఏమైంది వదినగారూ? ఊపిరాడట్లేదా? గుండెల్లో నొప్పా? మాట్లాడండి!"

నా రెండు భుజాలూ పట్టుకుంది.

"ఏం లేదు. ఈల పనిచేస్తుందో లేదో చూశాను" అన్నాను.

ఆవిడ నన్ను చూసింది. తర్వాత ఉన్నచోటే గడ్డిలో చతికిలబడి, లేసులు లాగేసి, బూటు ఊడబెరికింది. మేజోడు మడమ దగ్గర ఎర్రగా అతుక్కుపోయి ఉంది. పెద్ద బొబ్బ, చితికి పచ్చిగా ఉంది.

"ఇదేమిటండీ! ఎప్పట్నుంచి?"

"బస్సు దిగినప్పట్నుంచి. కొత్తవి. ఒక సైజు తక్కువ తీసుకున్నాను, అందం చూసి."

"మరి చెప్పరేం? ఆ వంతెన నాలుగుసార్లు దాటడం ఎందుకు?"

ఆవిడ వగరుస్తూ నవ్వింది. "మీకేం వదినగారూ. మీరు చెప్పులేసుకుని సంచులు మోసినా, ఏడాదంతా అది మీ పక్కనే అన్నం తింటుంది. నాకు ఫోన్లో 'బాగున్నావా అమ్మమ్మా, ఉంటాను' అంతే. ఈ నాలుగు రోజుల్లో దానికి నేను గుర్తుండాలంటే గెంతక ఏం చెయ్యను?"

నన్ను చూసి కుళ్ళుకునే మనిషి ఒకరున్నారని నాకు ఎన్నడూ తోచలేదు. ఒక్క నిమిషం ఒళ్ళంతా చల్లబడింది. ఆ చల్లదనం ఎంతోసేపు నిలవలేదు. మిడత పరుగెత్తుకొచ్చి, ఆవిడ కాలు ఒళ్ళో పెట్టుకుని, బొబ్బ మీద ఊఫ్ ఊఫ్ అని ఊదడం మొదలుపెట్టింది. నా మోకాళ్ళు ఎన్నేళ్ళుగా నొప్పెడుతున్నాయి! ఎవరైనా ఒక్కసారి ఊదారా?

గైడు వచ్చి గుడ్డ కట్టి, "ఇప్పుడు అందరికంటే నెమ్మది ఈ పెద్దమ్మే. మీరు ముందు" అంది ఆవిడతో.

"ఏం వేసుకుని నడుస్తుంది?" అన్నాను. నేను నా చెప్పులు విప్పి ఆవిడ ముందుకి తోశాను. "వీటికి వెనక పట్టీ లేదు. మడమకి ఏమీ తగలదు. నాకు పెద్దవే, మీకు సరిపోతాయి. ఆ బూట్లు ఇటు పారెయ్యండి."

అవి నాకు కొలిచి కుట్టినట్టు సరిపోయాయి. అడుగు వేస్తే నేల నన్ను పైకి తోస్తోంది. ఇంత సుఖం ఉంటుందా బూట్లలో! ఆవిడ మీద మళ్ళీ కోపమొచ్చింది, ముందే చెప్పనందుకు.

ఆవిడ కుంటుకుంటూ ముందు, మిడత వెనక, మేమంతా ఆ వెనక, ఆఖరున నేను ఈలతో. రేకు కప్పు కిందికి ముందు చేరింది ఆవిడే.

"అమ్మమ్మే గెలిచింది" అంది మిడత.

"ముందు ఎక్కినవి నా చెప్పులు" అన్నాను.

"చెప్పుల పక్కన ఎవరైనా కూర్చుంటారా నానమ్మా?"

వాళ్ళిద్దరూ కుర్చీలో కూర్చుని గాల్లోకి తేలిపోయారు. వెనక కుర్చీలో గైడూ నేనూ. కింద లోయ, దేవదారు చెట్ల తలలు, ఎక్కడో గోరంత మా ఇల్లు. నేను అవేమీ చూడలేదు. ముందు కుర్చీలో రెండు వీపులు, ఒకదాని మీద ఒకటి వాలిన రెండు తలలు. కింద వేలాడుతూ నా చెప్పులు, ఎక్కడ జారిపోతాయో అన్నట్టు. కడుపులో మంట మళ్ళీ రాజుకుంది.

ఈల ఇంకా నా మెళ్ళోనే ఉంది. గైడు కేసి చూశాను. ఆ మనిషి చూడనట్టు అటు తిరిగింది.

ఊదాను.

ముందు కుర్చీలో ఇద్దరూ ఒకేసారి వెనక్కి తిరిగారు. "నానమ్మా!" అని మిడత చెయ్యి ఊపింది. "నీ బూట్లు చూపించు!"

నీ బూట్లు అంది. నేను కాళ్ళు రెండూ చాపి గాల్లో ఆడించాను. వియ్యపురాలు నవ్వుతూ నా చెప్పులు ఆడించి చూపించింది.

ఆ బూట్లు ఇవ్వమని ఆవిడ ఇంతవరకూ అడగలేదు. అడిగితే ఆలోచిస్తాను.