మూల పోయేదాకా

భవిత వంటింట్లో చెంబు అందుకోబోతూ ఆగిపోయింది. కడుపులో ఏదో టప్పుమన్నది. ఆ వెంటనే గోరువెచ్చని నీళ్ళు తొడల మీదుగా జారి గచ్చు మీద మడుగు కట్టాయి.

"అత్తమ్మా, ఉమ్మనీరు పోయింది."

అలివేలమ్మ ముందు చూసింది మడుగును కాదు, గోడ గడియారాన్ని. పది. మూల నక్షత్రం పోయేది పన్నెండూ నలభైకి. మూలలో పుడితే తండ్రికి గండమని ఆమె నమ్మకం. ఆ తండ్రి, అంటే ఆమె ఒక్కగానొక్క కొడుకు వెంకటేష్, మిర్చి బస్తాలేసుకుని గుంటూరు యార్డుకు పోయి ఉన్నాడు. ఆసుపత్రికి పోతే డాక్టర్లు పంచాంగం చూసి కోస్తారా?

"నొప్పులు రాలేదుగా, పడుకో. నీళ్ళు పోంగానే బిడ్డ ఊడిపడదులే. పన్నెండింటికి బయల్దేరదాం."

ఆ ఇంట్లో అలివేలమ్మ మాటకు తిరుగులేదు. భవిత గదిలోకి పోయి పక్కకు తిరిగి పడుకుంది. తడిసిన గుడ్డ తీసి పొడి గుడ్డ పెడుతూ అత్త ఆమె కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆ నీళ్ళ వాసన ఈ గదిలో అలివేలమ్మ ముక్కుకు తగిలి ముప్పై నాలుగేళ్ళయింది. కరెంటు పోయి ఫ్యాను ఆగింది. పట్టపగలు ఊరంతా గొంతు నొక్కినట్టు ఊరుకుంది.

కళ్ళు మూసుకునే ఉన్న భవిత మెల్లగా అన్నది: "కాళ్ళు ముడుచుకో తల్లీ. ఇంకొక్క గంటే. అమావాస్య పోనీ."

అలివేలమ్మ వంగి కోడలి మొహంలోకి చూసింది. ఇవాళ అమావాస్య కాదు. అమావాస్య ఆనాడు. తన తొలి కాన్పుకు ఉమ్మనీరు పోతే, అమావాస్య దాటేదాకా కదలొద్దని తన అత్త ఇదే గదిలో కూర్చోబెట్టింది. అప్పుడు పొట్ట నిమురుకుంటూ అలివేలమ్మ అన్న మాటలవి. గదిలో తను తప్ప ఎవరూ లేరు. తర్వాత ఎవరికీ చెప్పలేదు. అమావాస్య దాటాక ఆడపిల్ల పుట్టింది, ఏడవలేదు. చచ్చి పుట్టిందన్నారు ఊళ్ళో; తర్వాత పుట్టిన వెంకటేష్‌కు ఆ సంగతే చెప్పలేదు. ఎన్నింటికి కదలడం మానేసిందో ఆ తల్లికొక్కదానికే తెలుసు.

"ఏమే, ఏమన్నావ్?"

"నేనేం అన్లా అత్తమ్మా." భవిత కళ్ళు తెరిచింది. "ఇందాకట్నుంచి బిడ్డ కదలట్లా."

అలివేలమ్మ గుడ్డ లాగి చూసింది. తెల్లగా వస్తున్న నీళ్ళు పాచి రంగుకు తిరిగాయి. చెప్పులు లేకుండానే పక్కింటికి పరుగెత్తింది.

"ఒరేయ్ యాసిన్! కారు తియ్యిరా! ముందు తియ్యరా నాయనా!"

పిడుగురాళ్ల ఆసుపత్రిలో భవితను నేరుగా ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయారు. బయట బల్ల మీద అలివేలమ్మ కూర్చుంది. పన్నెండుకు ఇంకా పది నిమిషాలుండగా లోపల సన్నగా ఏడుపు వినిపించింది. దాని మీదే ఇంకో ఏడుపు, కాస్త బొంగురుగా, ఎంతోకాలం పట్టి ఉంచినట్టు.

నర్సు బయటికొచ్చింది. "ఆడపిల్లమ్మా. కాసేపు బెదిరించింది గానీ బాగుంది. ఇంకో గంట ఆగుంటే చెప్పలేకపోయేవాళ్ళం."

"రెండో బిడ్డ ఎవరిదమ్మా?"

"రెండో బిడ్డేంది? లోపల మీ కోడలొక్కతేగా."

ఫోను మోగింది. వెంకటేష్. "అమ్మా, యాసిన్ చెప్పాడు. మూల పోయినాకేగా పుట్టింది?"

"మూలలోనే పుట్టిందిరా." అలివేలమ్మకు ఏడుపు ఆగలేదు. "ఏడ్చిందిరా నాయనా. మీ అక్క కూడా ఏడ్చింది."



"నాకు అక్కేందమ్మా?"