గాలి తీయడం

"డబ్బా ఇంకొంచెం పైకి పట్టుకో, చుక్క కింద పడకూడదు" అన్నాడు కేశవ.

అతని భార్య సిద్దమ్మ ట్రాక్టర్ పక్కన గొంతుక్కూర్చుని, డీజిలు ఫిల్టరు కింద పాత పెయింటు డబ్బా పట్టుకుంది. రెండో చేత్తో చిన్న పంపు మీట కొట్టాలి. కేశవ స్క్రూ వదులు చేస్తే నురగ బుసబుసమని వస్తుంది. నురగ పోయి తేట డీజిలు వచ్చేదాకా ఆమె బొటనవేలు మీట మీద ఆడుతూనే ఉండాలి. పొద్దున్నుంచి ఇది నాలుగోసారి. గాలి తీస్తే బండి బుద్ధిగా నాలుగు సాళ్లు తిరుగుతుంది, మళ్లీ దగ్గి ఆగిపోతుంది.

"మళ్లా గాలి పట్టిందే దీనికి" అని కేశవ బానెట్ మీద అరచేయి వేసి నిమిరాడు. "ఏమైందే తల్లీ నీకు."

కేశవ వాళ్ల నాయన కొన్న బండి. మొన్నటి వాన పదును ఇంకో రెండు దినాలుంటే ఎక్కువ. ఆలోపల శనగ పడాలి.

గాలి అన్న మాట చెవిన పడగానే సిద్దమ్మ వీపు దానంతట అదే బిగుసుకుంది.

మూడు నెలలుగా ఆమెకు ముట్టు ఆగడం లేదు. మొదట మూడు దినాలు ఇంట్లోకి రాకుండా కడగా ఉంది, ఆగకపోతే అయిదు దినాలు ఉంది. ఎనిమిదో దినం అత్త సుబ్బక్క వాకిట్లోకి వచ్చి, "నెలంతా కడగా కూచుంటే సంగటి ఎవురు గెలకాల, బర్రెలను ఎవురు చూడాల" అంది. ఆ పొద్దే తలకు పోసుకుని లోపలికొచ్చింది. ఆగలేదని మళ్లీ ఎవరికీ చెప్పలేదు. చెబితే అంటు, చెప్పకుంటే పని. పనే నయమనిపించింది. ఆశా కార్యకర్త ప్రమీలారాణి మాత్రం ఒకనాడు ఆమె కనురెప్ప కిందికి లాగి చూసి, తెల్లగా పాలిపోయినావక్కా, మైదుకూరు ఆసుపత్రికి పో అని చెప్పింది. పోవాలంట అని కేశవతో అంటే, విత్తనం పడనీ చూద్దాం అన్నాడు. ఎందుకని అడగలేదు.

తర్వాత ఒక మధ్యాహ్నం కలుపు తీస్తూ తీస్తూ సాలులోనే కూలబడింది. మాటలు తగ్గిపోయాయి. మాట్లాడటానికి కూడా ఒంట్లో సత్తువ ఉండాలి గదా. పిలిస్తే పలకడం లేదు, చూపు యాడనో ఉండాది, దీనికి గాలి సోకింది అని సుబ్బక్క తేల్చింది. పోయిన అమావాస్యకు గాలి తీసే మనిషి దగ్గరికి తోలుకుపోయారు. అతను జుట్టు ముడి పట్టుకుని, వేపమండతో వీపు మీద కొడుతూ, ఎవురు నువ్వు చెప్పు అని అడిగాడు. సిద్దమ్మను అని చెప్పింది. అబద్ధం చెబుతాందని ఇంకో నాలుగు పడ్డాయి.

రేపు మళ్లీ అమావాస్య.

ఎండ నడినెత్తికి వచ్చే వేళకు మెకానిక్ ఏసేపు మోపెడ్ మీద వచ్చాడు. దిగుతూనే, నీకంటే పెద్దది గదప్పా బండి, కాస్త మర్యాదగా చూసుకోవాల అని కేశవను నవ్వుతూ కసిరాడు. ఫిల్టరు దగ్గర గొట్టానికి చుట్టిన గుడ్డను విప్పి పక్కన పడేశాడు. డీజిలుతో నల్లబడినా దాని ఎర్రంచు తెలుస్తూనే ఉంది. గుడ్డ కావాలని కేశవ అడిగితే సిద్దమ్మ తన పాత నూలు చీర చించి ఇచ్చింది. మిగతా సగం ఇప్పుడు ఆమె ఒంటి మీదే, ఎవరికీ కనబడని చోట, తడిసి ఉంది.

"ఎన్నిసార్లు గాలి తీసినావు?" అన్నాడు ఏసేపు.

"లెక్కే లేదన్నా. తీస్తాండా, పడతాండాది."

"గాలి ఊరికే పట్టదప్పా. యాడో కారుతాంటేనే పడతాది. కారేది చూడకుండా గాలి తీస్తాంటే, జన్మంతా తీస్తానే ఉండాల."

ఏసేపు కొట్టమన్న మీట మీద సిద్దమ్మ వేలు ఆగిపోయింది. ఏసేపు అరిగిపోయిన రాగి వాషర్ తీసి చూపించాడు. చిటికెన వేలి గోరంత కూడా లేదు దాని పగులు. దాన్ని కనిపెట్టడానికి అతను నేల మీద వెల్లకిలా పడుకున్నాడు, టార్చి వేసి చూశాడు, ప్రతి జాయింటూ వేలితో తడిమి వాసన చూశాడు. ఇనుముకు ఇంత ఓపిగ్గా వైద్యం చేస్తారని ఆమెకు ఇన్నాళ్లూ తెలియదు.

కొత్త వాషర్ వేసి, చివరిసారి గాలి తీసి, ఏసేపు వెళ్లిపోయాడు. బండి ఆగకుండా చేను చివరిదాకా పోయి తిరిగొచ్చింది. కేశవ ముఖం వెలిగింది. ఇంజను ఆపి, గిన్నె ముందరికి లాక్కుని సంగటి ముద్ద విరుచుకుంటూ, "రేపు పొద్దున్నే తలకు పోసుకో. గాలి తీపిచ్చుకోని మధ్యాన్నానికంతా వచ్చేయాల. ఇంకా రెండెకరాలు ఉండాది" అన్నాడు.

సిద్దమ్మ అతనివైపు తిరిగింది. వారం దినాలుగా పెదవి దాటని గొంతు, గీరుకుంటూ బయటికొచ్చింది.

"గాలి కాదు. కారుతాండాది."

కేశవ ముద్ద వదిలేసి లేచాడు. చెయ్యి కూడా కడుక్కోకుండా ట్రాక్టర్ కిందికి దూరాడు. "యాడ? యాడ కారుతాండాదే?" అంటూ జాయింట్లన్నీ తడుముతున్నాడు.

మూడు నెలల్లో అతను ఆ మాట అడగడం అదే మొదలు. అడిగింది బండిని.

సిద్దమ్మ డబ్బాను గట్టు మీద పెట్టింది. డీజిలు చేతులను చెంగుకు తుడుచుకుని, మైదుకూరు బస్సు ఆగే రోడ్డు వైపు, కళ్లు తిరిగిన చోటల్లా నిలబడుతూ నడిచింది. రోడ్డెక్కేటప్పుడు వెనక నుంచి కేశవ గొంతు వినిపించింది, డబ్బా తీసుకురమ్మని.