వాడు రాసిన వాక్యం

విద్యార్థులకు ఆన్‌లైన్‌లో కలిసి పనిచేయడం నేర్పడం నా ఉద్యోగం. నలుగురికి ఒకే పేజీ ఇస్తాను. ఎవరెక్కడున్నా అందరూ అందులోనే రాయాలి. ఎవరు ఏ వాక్యం మీద ఉంటే అక్కడ వాళ్ళ పేరుతో ఒక రంగు గీత కనిపిస్తుంది. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. తీరా చూస్తే నలుగురిలో ఇద్దరు గొడ్డుచాకిరీ చేస్తారు, ఒకరు సలహాలిస్తారు, ఒకరు పత్తా ఉండరు.

ఈసారి ఒక జట్టులో పత్తా లేనివాడు నిద్రమొహం. ఆ పేరు వాడికి వాడే పెట్టుకున్నాడు, పేజీలోనూ అదే కనిపిస్తుంది. జట్టును నడిపే అమ్మాయికి లీడరమ్మ అని పేరు పెట్టిందీ వాడే. వారం వారం ఆ పిల్ల వాడిమీద ఫిర్యాదు మోసుకొచ్చేది.

"వాడి భాగం కూడా నేనే రాశాను మేడమ్. వాడికి మార్కులేస్తే ఊరుకోను" అంది ఆఖరిసారి.

వాడిని పిలిచి చీవాట్లు పెట్టాను. తల గోక్కుంటూ నవ్వాడు. అలాంటివాడి మీద కోపం నిలుపుకోవడం నావల్ల కాదు.

ఆ మర్నాడే వాడు బైకు మీద వెళ్తుంటే లారీ గుద్దింది. ఆసుపత్రికి చేరకముందే ప్రాణం పోయింది.

మిగిలిన ముగ్గురూ మళ్ళీ ల్యాబుకు వచ్చిన రోజు నేను వాళ్ళ వెనకే నిలబడ్డాను. పేజీ తెరిచారో లేదో, అందులో నిద్రమొహం అన్న గీత కనబడింది. లీడరమ్మ కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

పక్కనున్న చాట్‌లో మెసేజ్ వచ్చింది. "ఈ ఫోను మా అబ్బాయిది. నేను వాళ్ళమ్మను. ఇందులో వాడు రాసింది ఏదో చెప్తారా?"

"ఏం చెప్పమంటారు మేడమ్?" అంది లీడరమ్మ. చివరికి ఆ పిల్లే కళ్ళు తుడుచుకుని, "మొదటి రెండు పేరాలూ వాడివే ఆంటీ" అని టైపు చేసింది. ఆ రెండు పేరాల్లో ప్రతి అక్షరమూ ఆ పిల్లదే.

గీత ఒక్కో వాక్యం దాటుకుంటూ కిందికి దిగింది. ఆవిడ కూడబలుక్కుని చదువుతోందని తెలుస్తూనే ఉంది.

"చాలా బాగుంది తల్లీ. కానీ మావాడికి ఇంత ఓపిక ఎక్కడిది? కన్నదాన్ని, నాకు తెలీదా? వాడు రాసింది రెండు ముక్కలైనా సరే, అదే చూపించు."

లీడరమ్మ భోరుమంది. "ఒకే ఒక్క వాక్యం రాశాడు మేడమ్. ఒళ్ళు మండి నేనే చెరిపేశాను."

చెరిపినా పేజీ దాచుకునే పాత ప్రతుల్లో దొరుకుతుందని క్లాసులో చెప్పింది నేనే. ఆ పిల్ల ఏడుస్తూనే వెతికి తీసి, పేజీలో అన్నిటికన్నా పైన పెట్టింది.

"నా భాగం రేపు పక్కాగా రాస్తా, ఈ ఒక్కసారికి తిట్టకు తల్లీ."

గీత ఆ వాక్యం దగ్గరికి వెళ్ళి ఆగింది. అక్కణ్ణించి వెళ్ళిపోదామనిపించింది, వెళ్ళలేకపోయాను.

"ఇదీ మావాడంటే" అని వచ్చింది. వెంటనే ఇంకొకటి. "దీన్ని చెరపకమ్మా."

'చెరపను ఆంటీ' అని రాయడానికి లీడరమ్మకు చేతులాడలేదు. ఆ పిల్ల బదులు నేనే రాశాను.